సాక్ష్యంలో ఒక సున్నా

ప్రతి సాయంత్రం ఏడు గంటల ప్రాంతంలో నంద్యాల బస్సు దిగిన కరుణాకర్ నేరుగా తన ఇంటికి పోయేవాడు కాదు. ముందు పెదనాయన జయరాజు ఇంటికి వచ్చి, చెప్పులు గడప బయట విడిచి, జేబులోంచి ఫోను తీసి ఆయన చేతిలో పెట్టేవాడు. జయరాజు ఆళ్లగడ్డ బస్సు డిపోలో ముప్పై రెండేళ్లు మెకానిక్కుగా చేసి రిటైరైన మనిషి, సీయోను ప్రార్థన మందిరంలో సంఘ పెద్ద. కళ్లద్దాలు ముక్కు చివరికి దించుకొని, బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఆ ఫోనులో మెసేజీలు ఏరేవాడు.

"మీ ఐదు వందల బోనస్ ఈ రోజుతో ముగుస్తుంది." దాన్ని తీసేసేవాడు. "కరుణాకర్ గారూ, మీరు లేక మాకు తోచడం లేదు." అదీ తీసేసేవాడు. "ఈ రోజు మ్యాచ్‌లో మీ మొదటి పందెం మాది." దాన్ని తీసేసి, ఆ నంబరును బ్లాకు చేసేవాడు. మరుసటి రోజుకు అదే మాట ఇంకో నంబరు నుంచి వచ్చేది. ఫిర్యాదు నంబరుకు ఫోను చేశారు. సిమ్ కార్డు మార్చారు. కొత్త నంబరు ఎనిమిది రోజులు మాత్రమే ప్రశాంతంగా ఉంది. తొమ్మిదో రోజు పొద్దున, "స్వాగతం కరుణాకర్ గారూ," అంటూ పలకరించింది.

"మనిషి చస్తే కూడా ఇంతమంది తల్చుకోరు గదరా," అనేవాడు జయరాజు.

కరుణాకర్ నవ్వేవాడు. కానీ ఫోను వైపు మాత్రం చూసేవాడు కాదు, గోడకున్న క్యాలెండరు వైపు చూసేవాడు. ఏరడం అయ్యాక ఇద్దరూ మోకాళ్లూని రెండు నిమిషాలు ప్రార్థన చేసుకునేవాళ్లు. అలా ఏడు నెలలు గడిచాయి.

కరుణాకర్ జయరాజు తమ్ముడి కొడుకు. తమ్ముడు పోయినప్పుడు వాడు పదో తరగతి. వాణ్ని చదివించి, నంద్యాలలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరుగా చేర్పించింది జయరాజే. క్రికెట్ పందేల ఆప్‌లో పడి, పిల్లలు కట్టిన పరీక్ష ఫీజులు కూడా వాడు పోగొట్టినప్పుడు, స్కూలు కరెస్పాండెంటు శ్రీనివాసులు దగ్గరికి పోయి చేతులు కట్టుకొని నిలబడిందీ ఆయనే. "మీ మొగం చూసి ఇంకొక్కసారి," అన్నాడు శ్రీనివాసులు. ఆ ఒక్కసారి మీదే ఇప్పుడు కరుణాకర్, అతని భార్య సలోమి, రెండో తరగతి చదివే బ్లెస్సీ బతుకుతున్నారు.

ఫిబ్రవరిలో సంఘ వార్షికోత్సవం వచ్చింది. పాస్టరు ప్రేమ్ సాగర్ వయసులో చిన్నవాడు, ఉత్సాహం గలవాడు. సంఘానికి యూట్యూబులో ఒక చానలు పెట్టాడు. "అన్నా, ఈసారి కరుణాకర్ సాక్ష్యం పెడదాం. పందేలాడే పిల్లోళ్లకు కనువిప్పు అయితాది," అన్నాడు జయరాజుతో.

సంఘంలో సాక్ష్యానికి ఒక పద్ధతి ఉంది. మొదట పాత జీవితం చెప్పాలి, తర్వాత దేవుడు పట్టుకున్న రోజు, చివరికి కొత్త జీవితం. సాక్ష్యం చెప్పేవాళ్లను ముందురోజు కూర్చోబెట్టి సిద్ధం చేసే పని ముప్పై ఏళ్లుగా జయరాజుదే. ఆయన సొంత సాక్ష్యం ఆ చుట్టుపక్కల సంఘాల్లో పేరున్నది. అందులో రోజుకు మూడు సీసాల బ్రాందీ ఉండేది. నిజానికి ఆయన క్వార్టరుతోనే పడిపోయేవాడు. ఆ భాగం వచ్చినప్పుడల్లా ఆయన భార్య సుగుణమ్మ తల వంచుకొని, బైబిల్లో దేనికోసమో వెతికేది.

శనివారం సాయంత్రం కరుణాకర్ ఇంట్లో కూర్చున్నారు. సలోమి టీ పెట్టి తెచ్చింది.

"మొదట ఎంత వచ్చె?" అడిగాడు జయరాజు.

"ఐదు వందలు పెడితే పద్దెనిమిది వేలు పెదనాయనా. ఒక్క రాత్రిలో."

జయరాజు పెదవి విరిచాడు. "పద్దెనిమిది వేలకు నోరు తెరిచి చూసేదెవరప్పా? నాలుగు మూటల శనగలమ్మినా వస్తాయి. లక్షా ఎనభై అను."

"అబద్ధం గదా అది."

"ఒక సున్నా. ఎవరి ఇల్లు ముంచుతాది? సాతాను చూపించే ఆశ ఎంత పెద్దదో జనానికి తెలియాల్నా వద్దా? చీకటి నల్లగా ఉంటేనేరా దీపం కనపడేది."

గ్లాసులు తీసుకుపోతున్న సలోమి ఆగింది. "పోయింది చాలదా మామా? వచ్చింది కూడా పెంచాల్నా?"

"దేవుని మహిమకమ్మా ఇది. నీకు తెలీదులే, పో," అన్నాడు జయరాజు, నవ్వుతూనే.

ఆమె పోయింది. కరుణాకర్ రెండుసార్లు చెప్పి చూసుకున్నాడు. మొదటిసారి ఆ అంకె దగ్గర నాలుక తడబడింది. రెండోసారి తడబడలేదు.

ఆదివారం సాక్ష్యం గొప్పగా సాగింది. తెల్లచొక్కా వేసుకొని, వేదిక మీది కొయ్య సిలువ ముందు నిలబడి, కరుణాకర్ ఇరవై రెండు నిమిషాలు మాట్లాడాడు. ఆప్ పేరు కూడా దాచలేదు, పాపం ఒప్పుకునేటప్పుడు ఏదీ దాచకూడదని కదా నేర్పింది. "ఐదు వందలు పెట్టినా. తెల్లారేసరికి లక్షా ఎనభై వేలు!" అన్నప్పుడు మందిరంలో ఊపిరి పీల్చిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత ఒక్కొక్కటే పోగొట్టుకున్న సంగతి చెప్పాడు, పిల్లల ఫీజుల సంగతి చెప్పాడు, ఏడ్చాడు. జనం ఏడ్చారు. జయరాజు ముందు వరసలో కూర్చుని, తాను బాగుచేసిన బండి ఘాటు రోడ్డు ఎక్కుతుంటే చూసినట్టు చూశాడు.

మూడు వారాలు గడిచాయి. ఒక పొద్దున జయరాజు బస్టాండు దగ్గర టీ తాగుతుంటే ఆయన ఫోనే టింగుమంది. ఎవరిదో తెలియని నంబరు. వీడియో. తెరిచాడు.

కరుణాకరే. అదే తెల్లచొక్కా. "నేను కరుణాకర్. నంద్యాలలో లెక్కల టీచర్ని. ఐదు వందలు పెట్టినా. తెల్లారేసరికి లక్షా ఎనభై వేలు!" వెనక సిలువ ఉన్న చోట బంగారు నాణేల మూట బొమ్మ అతికించారు. పైనుంచి నాణేలు వాన కురిసినట్టు కురుస్తున్నాయి. ఆ తర్వాత వాడి ఏడుపు. పిల్లల ఫీజుల దగ్గర ఏడ్చిన ఏడుపును తెచ్చి, మాటలు తీసేసి, సంగీతం పెట్టి, అదృష్టం పట్టిన మనిషి ఆనందంతో ఏడ్చినట్టు చూపించారు. అంతా పంతొమ్మిది సెకన్లు. కింద, "మీరూ చేరండి," అని ఒక లింకు.

జయరాజు చేతిలో టీ చల్లారిపోయింది. ఆయనకు మొదట అర్థం కానిది ఒకటే. దేవుని ఇంట్లో, దేవుని కోసం చెప్పిన మాటను దేవుడు ఇట్లా ఎలా పోనిచ్చాడు? కాసేపటికి ఇంకో ఆలోచన వచ్చింది. వాళ్లు ఏరుకున్న ఆ మాట దేవునిదా? కానీ దాన్ని ఆయన ఎక్కువసేపు మనసులో ఉండనివ్వలేదు.

వీడియో నంద్యాలకు, ఆళ్లగడ్డకు, మధ్యలో శిరివెళ్లకు, వెలుగోడు దాకా పోయింది. బస్సులో కండక్టరు టికెట్టు కొడుతూ, "సార్‌కు టికెట్టేంది, బస్సే కొంటాడు," అన్నాడు. వెనక సీట్లోంచి ఎవరో, "సార్, ఈ పొద్దు యా టీము మీద పెట్టాల?" అని అరిచారు. తొమ్మిదో తరగతిలో బోర్డు మీద ఎవరో ముందుగానే రాసి పెట్టారు: ఐదు వందలు ఇంటూ ఎంత, ఈజ్ ఈక్వల్ టు లక్షా ఎనభై వేలు? కరుణాకర్ దాన్ని తుడిచి పాఠం చెప్పాడు. చెప్పి సాయంత్రం పెదనాయన ఇంటికి వచ్చి, ఫోను ఇచ్చి, క్యాలెండరు వైపు చూశాడు.

"ఆ వీడియో తీసేయమని పాస్టరుకు చెప్పు పెదనాయనా. మన చానల్లోది. అది ఉండబట్టి గదా వాళ్లు కోసుకున్నారు."

జయరాజు చెప్పాడు. ప్రేమ్ సాగర్ తల గోక్కున్నాడు. "అన్నా, నలభై వేల మంది చూసినారు. మన పాటలు నాలుగొందలు దాటలేదు. చూసినోళ్లలో ఒక్క ఆత్మ మారినా చాలు గదా? తీసేసేదానికంటే ఇంకోటి పెడదాం. అది మోసం, నమ్మొద్దు అని తనే చెప్తాడు."

ఆ ఉపాయం జయరాజుకు నచ్చింది. ఏదీ తీయకుండా ఇంకొంచెం చేరిస్తే సరిపోతుందంటే ఆయనకు ఎప్పుడూ నచ్చేది. ఈసారి గళ్లచొక్కా వేయించి నిలబెట్టారు. "నేను కరుణాకర్. మీరు చూసిన వీడియోలో ఉండేది నేనే. నేను చెప్పిన మాట నిజమే, గానీ నన్ను నమ్మి ఎవరూ డబ్బులు పెట్టొద్దండీ. ఈ ఆప్ వల్ల నా జీవితం నాశనమాయ," అన్నాడు కరుణాకర్, చేతులు జోడించి.

నాలుగో రోజుకు అది తిరిగి వచ్చింది. గళ్లచొక్కాలో కరుణాకర్, చేతులు జోడించి: "నేను కరుణాకర్. మీరు చూసిన వీడియోలో ఉండేది నేనే. నేను చెప్పిన మాట నిజమే. నన్ను నమ్మి డబ్బులు పెట్టండి." 'గానీ', 'ఎవరూ' తీసేసి, 'పెట్టొద్దండీ'లో నడిమి ముక్క కోసేశారు. చెవి పెట్టి వింటే చిన్న తొట్రుపాటు తెలుస్తుంది. చెవి పెట్టి వినేదెవరు?

ఆ వారమే ఒక సాయంత్రం జయరాజు మెసేజీలు ఏరుతుండగా కరుణాకర్ ఫోను మోగింది. ఆయనే ఎత్తాడు. ఆడపిల్ల గొంతు, చాలా మర్యాదగా ఉంది.

"కరుణాకర్ గారేనా సార్? మీ వీడియోకు రెస్పాన్స్ చాలా బాగుంది. మా తరఫున పని చేస్తారేమోనని. నెలకు ఇరవై ఐదు వేలు. స్కూల్లో ఎంతిస్తారు సార్?"

స్కూల్లో ఇచ్చేది పదకొండు వేలు. జయరాజు ఫోను పెట్టేసి, ఆ నంబరు బ్లాకు చేశాడు.

"ఎవరు పెదనాయనా?"

"ఎవరో లోన్లిచ్చేటోళ్లు."

మరుసటి మంగళవారం పొద్దున ఏడున్నరకు, ఆళ్లగడ్డ బస్టాండులో నంద్యాల బస్సు ఎక్కబోతున్న కరుణాకర్‌ను శివమ్మ చొక్కా పట్టి కిందికి లాగింది. శివమ్మ ఇంటింటికీ పాలు పోసే మనిషి. ఆమె కొడుకు హరీష్ ఇంటర్ చదువుతాడు. ఆమె చేతిలో పాల క్యాను లేదు. చెప్పు ఉంది.

"యాడికి పోతాండావ్? నా బర్రెను కట్టి పోరా!" అని మొదటి దెబ్బ చెంప మీద వేసింది. "బర్రెనమ్మిన దుడ్లప్పా! ఇంకోటి కొందామని పెట్లో పెట్టుకుంటి, అంతా ఆ ఆప్‌లో పాయ. వద్దురా అంటే నా కొడుకేమన్నాడో తెల్సునా? లెక్కల సారే చెప్పినాడు, సారు లెక్క తప్పుతాదా అన్నాడు! లక్షా ఎనభై వేలు! యాడుందిరా నీ లక్షా ఎనభై వేలు? తీయ్, ఈడ పెట్టు!"

చుట్టూ జనం మూగారు. ఫోన్లు పైకి లేచాయి. ఎవరో, "ఇది గూడా ఆప్‌లో పెడతారు, మెల్లిగా కొట్టు శివమ్మా, మొగం కనపడాల," అన్నారు. నవ్వులు లేచాయి. కరుణాకర్ చేతులు అడ్డం పెట్టుకోలేదు. పుస్తకాల సంచీ గుండెకు పట్టుకొని నిలబడ్డాడు. ఆమె అలసిపోయేదాకా కొట్టింది. అలసిపోయాక ఆ చెప్పు కిందేసుకొని, కాలు దూర్చుకొని, అక్కడే కూర్చొని ఏడ్చింది.

ఎదురుగా టీ అంగట్లో జయరాజు ఉన్నాడు. ఇరవై అడుగులు కూడా లేదు. శివమ్మ నోటినుంచి ఆ అంకె వచ్చినప్పుడు ఆయన లేచాడు కూడా. లేచి, టీ డబ్బులిచ్చి, చిల్లర కోసం ఆగాడు. చిల్లర వచ్చేసరికి బస్సు కరుణాకర్‌ను ఎక్కించుకొని పోయింది.

అదే రోజు శ్రీనివాసులు కరుణాకర్‌ను గదిలోకి పిలిచాడు. కూర్చోమనలేదు. "చూడప్పా, తల్లిదండ్రులు గేటు కాడికొస్తాండారు. నువ్వు వాళ్ల మనిషివి కాదని నాకెట్ల తెలుస్తాది? మీ సంఘ పెద్దలు ముగ్గురూ సంతకాలు పెట్టి ఒక లెటరియ్యాల. ఇతను మావాడు, వాళ్లతో సంబంధం లేదు అని. సోమవారం తెస్తే క్లాసుకు పో. తేకపోతే గేటు నుంచే పో."

లెటరు పెద్ద సంగతేమీ కాదనుకున్నాడు జయరాజు. ముగ్గురు పెద్దల్లో తానొకడు, పాస్టరు ఒకడు. మూడోవాడు శాంసన్. రిటైరైన తెలుగు పండితుడు, కామా కూడా తప్పు పోనివ్వని మనిషి. జయరాజు సాక్ష్యానికి జనం ఏడ్చినంతగా తన ప్రసంగానికి ఏడవరని ఆయనకు చాలాకాలంగా ఒక మంట ఉంది.

ఆదివారం ఆరాధన అయ్యాక మందిరం వెనక గదిలో కూర్చున్నారు. కరుణాకర్ నిలబడ్డాడు. సలోమి గుమ్మం బయట, పైట తల మీదికి లాక్కొని, బ్లెస్సీ చెయ్యి పట్టుకొని నిలబడింది. లెటరు టైపు చేయించి బల్ల మీద పెట్టి ఉంది. శాంసన్ దాన్ని చదివి, పెన్ను మూత తీయకుండా పక్కన పెట్టాడు.

"బ్యాంకు పుస్తకం తెమ్మంటి. తెచ్చినావా?"

కరుణాకర్ ఇచ్చాడు. శాంసన్ వేలు పెట్టి ఒక్కో వరస దిగాడు. దిగి, ఒకచోట ఆగాడు.

"పద్దెనిమిది వేలుంది. లక్షా ఎనభై యాడుందప్పా?"

ఆ వరస మీదనుంచి శాంసన్ వేలు తీయలేదు.

"వేదిక మీద, దేవుని ముందర, లక్షా ఎనభై అన్నావు. నేను ముందు వరసలోనే ఉంటి. అంత వచ్చుంటే, దాచిపెట్టినావు. రాకుంటే, అబద్ధం చెప్పినావు. ఊరికే ఎవరూ తమ పాపాన్ని పదింతలు చేసి చెప్పరు నాయనా. ఆ అంకె వాళ్లకు కావాల. వాళ్లకు కావల్సిన అంకె నీ నోట్లోకి ఎట్లొచ్చె? ఎంతిచ్చినారు?"

"వాళ్లు కాదయ్యా," అన్నాడు కరుణాకర్. గొంతు చాలా చిన్నగా ఉంది. "పెదనాయన చెప్పమన్నాడు."

ముగ్గురూ జయరాజు వైపు తిరిగారు. పాస్టరు కళ్లల్లో ఆశ్చర్యం ఉంది. శాంసన్ కళ్లల్లో ముప్పై ఏళ్లుగా ఎదురుచూస్తున్నది ఏదో దొరకబోతున్న వెలుగు ఉంది.

అవును, నేనే అన్నాను. మూడు మాటలు. జయరాజు నోట్లో అవి ఉన్నాయి కూడా. కానీ ఆ మూడు మాటల తర్వాత శాంసన్ ఏమడుగుతాడో ఆయనకు కనిపించింది. ఇంకెవరెవరికి నేర్పినావు? కుంటి ఏసేపుకు నువ్వు నేర్పిన సాక్ష్యంలో దయ్యాలు ఏడా, ఒకటా? నీ మూడు సీసాల సంగతేంది? ఆ బ్రాందీ సీసాల మీద నిలబెట్టిన ఇల్లే ఆయనది. పేరూ పెద్దరికమూ, మందిరంలో ముందు వరస కుర్చీ, అన్నీ దాని మీదవే. వాడు కుర్రవాడు, ఇంకో స్కూలు దొరుకుతుంది. దేవుడు వాణ్ని చూసుకుంటాడు. నన్నెవరు చూసుకుంటారు?

"నిజం చెప్పమన్నా," అన్నాడు జయరాజు. "అంతే నేను చెప్పింది."

కరుణాకర్ ఆయన వైపు చూశాడు. కోపంగా కాదు. లెక్క తప్పు చేసిన పిల్లవాడి పుస్తకం వైపు, తప్పు ఎక్కడ జరిగిందా అని చూసినట్టు చూశాడు.

గుమ్మం దగ్గరనుంచి సలోమి, "మామా! నేను ఆడనే ఉంటి గదా. టీ ఇస్తాండా. సున్నా ఒకటి ఎక్కువ పెట్టమంటిరి. ఎవరి ఇల్లు ముంచుతాదంటిరి," అంది.

శాంసన్ ఆమె వైపు తల కూడా తిప్పలేదు. "పెద్దల కూటంలో ఆడోళ్లు మాట్లాడేది లేదు. పాస్టరు గారూ, తలుపు దగ్గరికెయ్యండి."

ప్రేమ్ సాగర్ లేచి, క్షమించమన్నట్టు చూసి, తలుపు దగ్గరికి వేశాడు. తలుపు పూర్తిగా మూసుకునే ముందు బ్లెస్సీ గొంతు వినిపించింది: "అమ్మా, తాత మర్చిపోయినాడా?"

శాంసన్ సంతకం పెట్టలేదు. పాస్టరు, పెద్దలిద్దరూ ఒకటైతే తానూ పెడతానన్నాడు. ఇక జయరాజు సంతకం ఒక్కటే ఉంటే బాగుండదని, ఆ లెటరు అట్లాగే ఉండిపోయింది. కరుణాకర్‌ను ఆరు నెలలు ప్రభువు బల్లకు, అక్కడ పంచే రొట్టె ద్రాక్షారసాలకు దూరం పెట్టాలని శాంసన్ రాసిన తీర్మానం మీద మాత్రం మూడు సంతకాలూ పడ్డాయి. జయరాజు సంతకం ఎప్పటిలాగే గుండ్రంగా, స్పష్టంగా ఉంది.

సోమవారం కరుణాకర్ నంద్యాలకు పోయాడు. గేటు దగ్గరనుంచే తిరిగి వచ్చాడు. ఆ సాయంత్రం ఏడు గంటలకు జయరాజు కళ్లద్దాలు తుడుచుకొని కూర్చున్నాడు. వాడు రాలేదు. మర్నాడూ రాలేదు. "ఫోను తెచ్చి ఇయ్యడానికి వస్తాడని ఎట్లనుకున్నారు?" అంది సుగుణమ్మ, వంటింట్లోంచి. అంతకు మించి ఆమె ఏమీ అనలేదు. మూడు సీసాల గురించి ఈ ముప్పై ఏళ్లలోనూ ఏమీ అనలేదు.

జయరాజు ప్రార్థన చేసుకున్నాడు. ఉపవాసం కూడా ఉన్నాడు. తాను చేసింది అబద్ధమా అని దేవుణ్ని అడిగాడు. అడగడం పూర్తికాకముందే తానే జవాబు చెప్పుకున్నాడు: మాట ప్రకారం చూస్తే అబద్ధం కాదు, నిజం చెప్పమని తాను చాలాసార్లు చెప్పాడు, ఎందరికో చెప్పాడు. అట్లా చెప్పుకున్న ప్రతిసారీ మందిరంలో ఆ తలుపు మూసుకున్న చప్పుడే వినిపించేది. పదకొండో రోజు పొద్దున ఇంక కూర్చోలేక, తెల్లపంచె కట్టుకొని వాళ్లింటికి బయలుదేరాడు. శ్రీనివాసులు దగ్గరికి కరుణాకర్‌ను వెంటబెట్టుకొని పోయి, అంతా చెప్పేయాలని దారిలో నిశ్చయించుకున్నాడు. అట్లా నిశ్చయించుకున్నాక నడక కూడా తేలికైంది.

సలోమి వాకిట్లో చేటలో కందిపప్పు పోసి చెరుగుతోంది. లేచి నిలబడింది. మర్యాద తప్పలేదు.

"రండి మామా."

"వాడు యాడ?"

"నంద్యాలలో ఉండాడు. రూమిచ్చినారు."

"స్కూలోళ్లు మళ్లీ పిలిచినారా?" జయరాజు ముఖం విప్పారింది.

"స్కూలు యాడుంది మామా. ఫోనోళ్లు. ఆ పొద్దే చేసినారంట ఒకసారి, మీరు ఎత్తినారంట గదా. మళ్లీ చేసినారు. నెలకు ఇరవై ఐదు. సగం ముందే ఇచ్చినారు." చేట గోడకు ఆనించింది. "వాళ్లు కూడా మీ మాదిరే మామా. ముందురోజు కూర్చోబెట్టి నేర్పిస్తారంట. యాడ నవ్వాల, యాడ ఏడ్వాల. ఈయన బాగా నేర్చుకొని వచ్చినాడని మెచ్చుకున్నారంట."

జయరాజు అడిగాడు, "నువ్వు ఆపలేదా?"

"ఆపినా. రెండ్రోజులు అన్నం తినకుండా ఆపినా. ఏమన్నాడో తెల్సునా? నేను మానేసినానంటే ఎవరూ నమ్మలేదు, ఆడతాండానంటే నమ్మనోడు లేడు సలోమీ అన్నాడు."

"నేను శ్రీనివాసులుతో చెప్తా. శాంసన్‌తో చెప్తా. ఆ అంకె నాదే అని, సంఘం ముందర నిలబడి చెప్తా. ఈ పొద్దే."

ఆమె ఆయన్ని కాసేపు చూసింది. ఆ చూపులో జాలి ఉందేమోనని ఆయన వెతికాడు.

"ఇంక చెప్పినా ఏం లాభం మామా. నిన్న కొత్తది తీసినారు. ఇప్పుడు మీ లక్షా ఎనభై కాదు, తొమ్మిది లక్షలంట."

వీధిలో ఎవరో సైకిలు మీద పోతూ వీళ్లను చూసి బెల్లు కొట్టారు. జయరాజు తిరగబోయాడు.

"అట్ల పోతే ఎట్ల మామా?" అంది సలోమి. "కొత్త ఉద్యోగంలో చేరితే పెద్దోళ్లొచ్చి ప్రార్థన చేసేది మన పద్ధతి గదా. ఎవరొస్తారా అనుకుంటాంటి. మీరే వచ్చినారు. చేసి పోండి."

"సలోమీ..."

"బ్లెస్సీ! తాతొచ్చినాడు, ప్రార్థనకు రా."

బ్లెస్సీ లోపలినుంచి పరుగెత్తుకొచ్చింది. సలోమి పైట తల మీదికి లాక్కొని, పప్పు పొట్టు పడిన నేల మీదే మోకాళ్లూనింది. పిల్ల పక్కన మోకాళ్లూని, రెండు చేతులూ జోడించి, కళ్లు గట్టిగా మూసుకుంది. ఎన్నో ఇళ్లలో ఎన్నో ఉద్యోగాలకు చేసిన ప్రార్థన. జయరాజు చెయ్యి దానంతటదే లేచి పిల్ల తల మీదికి పోయింది.

"ప్రేమగల మా తండ్రీ," అన్నాడు జయరాజు.

తర్వాతి మాట రాలేదు. ఆ ఉద్యోగం నిలవాలని అడగాలా? నిలిస్తే ఎన్ని వాకిళ్లలో ఎందరు శివమ్మలు చెప్పు చేతబట్టుకుంటారు? ఊడాలని అడగాలా? ఊడితే ఈ పిల్ల ఏం తింటుంది? వాణ్ని మార్చమని అడగాలా? వాడు ఎన్నో నెలల కిందటే మారాడు. ఆయన పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఎండ మెడ మీద పడుతోంది. బ్లెస్సీ ఒక కన్ను తెరిచి తాతను చూసి, మళ్లీ మూసుకుంది.

సలోమి ఆయనకు కావలసినంత సేపు ఇచ్చింది. ఇంక రాదని తెలిశాక తల ఎత్తకుండానే, "ఆమేన్," అంది.

"ఆమేన్!" అంది బ్లెస్సీ, నేర్పినట్టు గట్టిగా.